వాయిదా పడని వయసు: 2020 ఆటల గురించి ఒక డ్రిల్లు మాస్టారి జవాబు

అమ్మా,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2020 మార్చి నాటికి నువ్వు ఎనిమిదో తరగతి. ఖోఖోలో అండర్-14 జిల్లా జట్టుకు ఆడినదానివి. తర్వాత మళ్లీ మైదానంలో అడుగుపెట్టలేదన్నావు. "ఆ ఏడాది ఏమీ జరగనట్టే గుర్తుంది. ఎండాకాలం ఎప్పుడు పోయిందో, వానాకాలం ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తులేదు. ఆటలు నిజంగా ఆగిపోయాయా? బడి తెరిచాక పరుగెత్తబోతే నా కాళ్లు నావి కానట్టు అనిపించింది, మానేశాను. తప్పు నాదేనా? ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చా?" అని అడిగావు.

నేను కృష్ణా జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పేరు చెబితే ఎవరికీ తెలియదు, డ్రిల్లు మాస్టారంటే ఊరంతా తెలుసు. "మీరు" అని మొదలుపెట్టి కొట్టేశాను. ఎనిమిదో తరగతి ఖోఖో పిల్లను "మీరు" అనడం నాకు చేతకాదు, ఏమీ అనుకోకు.

తప్పు నీది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ ఏడాది మొత్తం తిరిగి చూడాలి. కొంచెం పొడుగవుతుంది.

2020 మార్చి 24 రాత్రి కరోనా వల్ల దేశమంతా 21 రోజులు మూత అని ప్రకటించారు. తెల్లవారితే ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. అరవై పేర్లుండగా ఆ ఏడాదికే ఆ పేరు వంతు రావాలా అని మా ఊరి పురోహితుడు ఫోనులో పంచాంగం చదువుతూ తనే నవ్వాడు. మా ఇంట్లో మాత్రం పచ్చడికి లోటు రాలేదు. వేపపువ్వు వీధి చివర చెట్టుకే ఉంది, మామిడికాయ పక్కింటివాళ్లు గోడ మీదుగా అందించారు. అదే మార్చి 24న టోక్యో ఒలింపిక్స్‌ను మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. ఈ వాయిదా సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత దానితో పని ఉంది.

నాకు అర్థమైనంతవరకు ఆ ఏడాది ఋతువులు ఒక్క రోజు కూడా ఆగలేదు. పైగా దండిగా వచ్చాయి. నైరుతి ఋతుపవనాలు జూన్ 1నే కేరళను తాకాయి, ఆ సీజనులో దేశం మొత్తం మీద వాన సగటు కంటే తొమ్మిది శాతం ఎక్కువే పడింది. ఆటలు కూడా పూర్తిగా ఆగలేదు. తెగిపోయింది ఈ రెండింటినీ కలిపే ముడి. మన ఊళ్లలో వ్యవసాయానికి ఉన్నట్టే ఆటలకూ కార్తెలున్నాయి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఉన్నాయి. వేసవి సెలవుల్లో చెట్టుకింద గోలీలు, బొంగరాలు, పొద్దు వాలాక క్రికెట్. తొలకరికి నేల మెత్తబడిందంటే కబడ్డీ. ఎండకు బిగిసిన నేల మీద పడితే మోచేతుల తోలు మిగలదు కాబట్టి పిల్లలు వానదాకా ఆగుతారు. ఆగస్టు నుంచి బడుల్లో మండల పోటీలు, వాటిలో గెలిచినవాళ్లకు జిల్లా పోటీలు. సంక్రాంతికి వరి కోసిన చేలల్లో ఊరూరా టోర్నమెంట్లు. 2020లో వాన వచ్చింది, నేల మెత్తబడింది, కూతకు వెళ్లేవాడే లేడు. ఎండాకాలం ఆట వానాకాలంలో వచ్చింది. నీకు కాలాలు గుర్తులేకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. పిల్లలు కాలాన్ని క్యాలెండరు చూసి గుర్తుపెట్టుకోరు, ఆ నెలలో ఏం ఆడారో దాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు.

ఇక మా మైదానం సంగతి. ఏప్రిల్ మొదట్లో సంత ఇరుకుగా ఉందని కూరగాయల బజారును మా బడి మైదానానికి మార్చారు. మనిషికీ మనిషికీ దూరం ఉండేలా వలయాలు గీయాలి. ఊళ్లో సున్నంతో గీతలు వేయడం వచ్చినవాడు ఎవడు? డ్రిల్లు మాస్టారే. కబడ్డీ కోర్టు, ఖోఖో కోర్టు, రెండు వందల మీటర్ల ట్రాకు గీసిన చేతులతో పాత సైకిల్ రిమ్ము నేల మీద పెట్టి చుట్టూ సున్నం చల్లుతూ పోయాను. రోజూ తెల్లవారుజామున గీయడం, జనం తొక్కేసరికి తొమ్మిది గంటలకు చెరిగిపోవడం. టమాటాలు అమ్మే ఆవిడ బోనస్ గీత మీద కూర్చునేది. "ఇక్కడ కాలు పెడితే పాయింటు, తెలుసా?" అన్నాను ఒకరోజు. "పాయింటు కాదు సారూ, కిలో పది రూపాయలు, తీసుకోండి" అంది. నష్టానికి అమ్ముకుంటూ వేసిన ఛలోక్తి అది.

ఆకాశం నీలంగా ఉందని, పిట్టల కూతలు వినిపిస్తున్నాయని ఆ రోజుల్లో చాలామంది మురిశారు. వినిపించాయి, నిజమే. కానీ నా తరగతిలో ఆటో నడిపేవాళ్ల పిల్లలున్నారు, తాపీపని వాళ్ల పిల్లలున్నారు. జాతీయ రహదారి మీద సామాన్లు నెత్తిన పెట్టుకుని నడిచిపోయేవాళ్లను మేం చూశాం. ఆ ఏప్రిల్ గురించి రాసేవాళ్లు పిట్టల దగ్గరే ఆగిపోతే నాకు చిరాకు.

ఇప్పుడు ఆటల మాట. మా వ్యాయామ ఉపాధ్యాయులం ఆ వేసవిలో ఫోన్లలో ఒకటే లెక్క వేసుకునేవాళ్లం: ఏ ఆటలో ముట్టుకోవడం ఎంత? రేపు మైదానాలు తెరిస్తే ఏది ముందు, ఏది చివర? అన్నిటికంటే చివర కబడ్డీ. ఆ ఆటను వైరస్ కోసమే కనిపెట్టినట్టు ఉంటుంది. ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి గట్టిగా కూత పెడుతూ అవతలి కోర్టులోకి పోవాలి. ఏడుగురు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడి మీద పడాలి. దూరం పాటిస్తే అది కబడ్డీ కాదు. ప్రో కబడ్డీ లీగు కూడా ఆ ఏడాది జరగలేదు. తర్వాతి సీజను 2021 డిసెంబరులో బెంగళూరులో ఒకేచోట, ప్రేక్షకులు లేకుండా మొదలైంది.

మీ ఖోఖో దానికి ఒక మెట్టు పైన. ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు, మధ్యలో కొంత ఎడం ఉంటుంది. అయినా వెనక నుంచి వీపు తట్టి, "ఖో" అని అరవాలి. అరుపూ స్పర్శా రెండూ ఉన్నాయి. ఆ పైన వాలీబాల్: జట్ల మధ్య వల ఉంది, బంతి మాత్రం అందరి చేతులూ మారుతుంది. షటిల్‌లో వల మధ్యన ఉంటుంది, ఇద్దరే ఆడవచ్చు, అందుకే డాబాల మీద ఆ ఏడాది కనిపించిందంతా అదే. హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో జాతీయ శిబిరం కూడా ఆగస్టులో మళ్లీ మొదలైంది. పరుగు, లాంగ్‌జంప్ ఒంటరివి. చదరంగానికి ఎదురుగా మనిషే అక్కరలేదు.

చదరంగం దగ్గర కొంచెం ఆగుతాను, ఆ ఏడాదికి సరైన ఆట అదే కాబట్టి. ఆగస్టులో ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో పెట్టారు. మన జట్టులో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ముగ్గురూ ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్‌తో స్కోరు సమమైతే, గెలుపు తేల్చే చివరి ఆట హంపి గెలిచింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్ జరుగుతుండగా ఇంటర్నెట్ దెబ్బతింది, మనవాళ్లలో కొందరు ఎత్తు వేయలేక సమయం అయిపోయి ఓడినట్టు నమోదైంది. చివరికి రెండు దేశాలనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. గుడివాడలో పుట్టిన అమ్మాయి ఆడుతోందని మా స్టాఫు ఫోన్ల గ్రూపులో ఒకటే హడావుడి. నాకు ఆ రోజు తట్టింది వేరే. సిగ్నల్ పోతే ప్రపంచస్థాయి ఆటగాళ్లకు సంయుక్తంగా పతకం ఇచ్చారు, మంచిదే. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోనున్న ఇంట్లో సిగ్నల్ పోతే ఆ పిల్లలకు ఏం ఇచ్చారు? పోయిన పాఠం పోయింది.

ఇళ్లలో పాత ఆటలు బయటికి వచ్చాయి. అటక మీది వామనగుంటల పీట దిగింది, చింతగింజలు కడిగి ఆరబెట్టారు. గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గడులు, పులిమేక గీతలు. మా ఆవిడ నన్ను వరసగా పద్నాలుగు రోజులు అష్టాచెమ్మాలో ఓడించింది. పద్నాలుగు రోజులని ఎలా గుర్తంటే, పుణె నుంచి వచ్చిన మా అబ్బాయిని పైగదిలో విడిగా ఉంచిన రోజులవి. వాడు పైనుంచి తన ఎత్తులు అరుస్తూ ఉండేవాడు. జూలై కల్లా ఈ ముచ్చట తీరింది, పిల్లలు ఫోనులో లూడోకు, పెద్దలు సీరియళ్లకు వెళ్లిపోయారు. "లాక్‌డౌన్ మన పాత ఆటలను బతికించింది" అని ఎవరైనా అంటే నమ్మకు.

జూన్ 8న గుళ్లు, హోటళ్లు తెరవడం మొదలైంది. సరిగ్గా మృగశిర రోజులవి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఏటా హైదరాబాదుకు బారులు కట్టే చేపప్రసాదం ఆ ఏడాది లేదు. ఊపిరి గురించే లోకమంతా భయపడుతున్న ఏడాది అది కూడా లేకపోయింది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దు చేశారు; తెలంగాణలో అప్పటికే రద్దయ్యాయి. ఎప్పుడూ జూన్ రెండో వారంలో కొత్త పుస్తకాల వాసనతో, తడి చెప్పులతో వచ్చే పిల్లలు రాలేదు. మైదానంలో గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. ఖోఖో స్తంభం చుట్టూ తుమ్మిగడ్డీ ఉమ్మెత్తా మొలిచాయి. నేను వారానికి రెండుసార్లు వెళ్లి చూసి వచ్చేవాడిని. ఎందుకని అడిగితే చెప్పలేను. పామును ఒకసారి చూశాను, ఎలుకల కోసం వచ్చిందో ఏమో, నన్ను పట్టించుకోలేదు.

జూలైలో నాట్లు మొదలయ్యాయి. నా పిల్లలు అక్కడ కనిపించారు! నా అండర్-17 కబడ్డీ జట్టులో నలుగురు అమ్మాయిలు ఒకే మడిలో, అమ్మల పక్కన వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద నుంచి చూస్తే గర్వపడాలో బాధపడాలో తెలియలేదు. ఒక సంగతి మాత్రం మా వృత్తివాడిగా గమనించాను. బడి తెరిచాక ఆ నలుగురికీ కాళ్లలో బలం తగ్గలేదు, నడుము గట్టిగానే ఉంది. తగ్గింది మెరుపు. ఎదుటివాడి భుజం కదలగానే ఇటు తిరగడం, క్షణంలో వెనక్కి దూకడం. ఆ మెరుపు బురదలో రాదు, ఎదురుగా మనిషి ఉంటేనే వస్తుంది. పట్నంలో ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలకు దమ్మూ పోయింది, మెరుపూ పోయింది. ఒకే సెలవు, రెండు రకాల శరీరాలు. ఆ ఏడాది గురించి "పిల్లలు" అని ఒకే మాటగా చెప్పేవాళ్లు ఈ తేడా చూడలేదు.

ఇక క్రికెట్ సంగతి. మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్ ఆగిపోయి సెప్టెంబరు 19న ఎడారి దేశంలో మొదలైంది. దుబాయ్, అబుధాబి, షార్జా, మూడే మైదానాలు, ఖాళీ కుర్చీలు, టీవీలో మాత్రం ముందే రికార్డు చేసిన జనం కేకలు. దానికి ముందు జూలై 8న ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో వెస్టిండీస్‌తో టెస్టు జరిగింది. ఆగిపోయిన అంతర్జాతీయ క్రికెట్ మళ్లీ మొదలైంది అక్కడే. బంతికి ఉమ్మి రాయకూడదని కొత్త నిబంధన పెట్టారు. రెండు హెచ్చరికల తర్వాత అయిదు పరుగుల జరిమానా. నా చిన్నప్పటి నుంచి బంతిని ప్యాంటుకు రుద్దిన ప్రతివాడూ ముందు నాలుక తడి పెట్టినవాడే. బౌలర్లు అలవాటుగా వేలు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోవడం చూస్తే నవ్వూ జాలీ కలిసి వచ్చేవి. తర్వాత 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేశారు.

ఐపీఎల్ మనకు వేసవి. పరీక్షలు అయిపోయి, డాబా మీద నీళ్లు చల్లి, పక్కలు పరుచుకుని చూసేది. ఆ ఏడాది అది అధిక ఆశ్వయుజంలో వచ్చింది. మహాలయ అమావాస్య అయిపోయినా దసరా రాదు, మధ్యలో నెలరోజులు అదనం. పండుగలు కూడా పరిమాణం మార్చుకున్నాయి. ఆగస్టు 22న వినాయక చవితికి ఖైరతాబాద్ గణపతి తొమ్మిది అడుగులే. ముందటేడు 61 అడుగులు. తిరుమల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. వాన ఆగదు, క్రికెట్ ఆగదు. అక్టోబరు 13 రాత్రి సంగతి నేను మరచిపోలేను. హైదరాబాదు మీద ఆకాశం విరిగిపడింది. ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో ముప్పై సెంటీమీటర్లకు పైగా పడింది. మా చెల్లెలు ఎల్బీనగర్ వైపు కింది అంతస్తులో ఉండేది, మంచం మీద కుర్చీ వేసుకుని కూర్చున్నామని ఫోను చేసింది. అదే రాత్రి దుబాయ్‌లో హైదరాబాదు జట్టు చెన్నై చేతిలో ఇరవై పరుగుల తేడాతో ఓడిపోయింది. మా చెల్లెలి కొడుకు అప్పటికే కరెంటు పోయిన ఇంట్లో, మోకాలి లోతు నీళ్ల పైన కూర్చుని, ఫోనులో మిగిలిన కొంచెం ఛార్జింగుతో స్కోరు చూస్తున్నాడట. వాడిని వాళ్లమ్మ తిట్టిన తిట్లు నాకు ఫోనులో వినిపించాయి. ఊరు నీళ్లలో, ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఇసుకలో. ఋతువూ ఆటా విడిపోయాయని మొదట అన్నది దీని గురించే.

చలికాలం వచ్చేసరికి మనసు కొంచెం కుదుటపడింది. అందులో మన ఫాస్ట్ బౌలర్ సిరాజ్ పాత్ర ఉంది. హైదరాబాదులో ఆటో నడిపి అతన్ని పెంచిన తండ్రి నవంబరు 20న పోయారు. అప్పుడు అతను ఆస్ట్రేలియాలో జట్టుతో పాటు క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళతావా అని బోర్డు అడిగితే, ఉండిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్సులో అయిదు వికెట్లు తీశాడు. తిరిగి వచ్చిన రోజు విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. మధ్యలో జనవరి 11న, భోగికి రెండు రోజుల ముందు, కాకినాడ కుర్రాడు హనుమ విహారి సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచాడు. టెస్టు డ్రా అయింది. పరుగులు లెక్కపెట్టేవాళ్లకు అది ఆట కాదు. ఆ రోజు నేను కాలు కదపకుండా టీవీ ముందు కూర్చున్నాను, పిండివంటలకు బెల్లం తెమ్మని మూడుసార్లు చెప్పినా లేవలేదు. జనవరి 16న, కనుమ మరునాడు, టీకాలు వేయడం మొదలైంది. 19న బ్రిస్బేన్ గెలిచాం.

ఇదంతా పెద్దవాళ్ల ఆట. ఇప్పుడు నీ దగ్గరికి వస్తున్నాను.

ఒలింపిక్స్‌ను ఏడాది వెనక్కి జరిపారు, పేరు మాత్రం "టోక్యో 2020" అనే ఉంచారు. ఏడాది ఆలస్యమైనా షటిల్‌లో సింధు 2021 ఆగస్టు 1న కంచు పతకం గెలిచింది. పెద్ద ఆటగాళ్లకు, పెద్ద పోటీలకు ఆ ఏడాది వాయిదా. నష్టమే, కాదనను, కానీ తిరిగి దొరికిన నష్టం. బడి ఆటలకు వాయిదా లేదు. అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు గీతలున్నాయి. 2020-21లో జాతీయ బడి పోటీలు జరగలేదు. జరగలేదు కాబట్టి మీ వయసు ఒక ఏడాది ఆపుతాం అని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. పుట్టినతేదీ మారదు.

అందులోనూ నీ బ్యాచిది అన్నిటికంటే చెడ్డ చోటు. అండర్-14లో నువ్వు చివరి ఏడాది, అంటే జట్టులో పెద్దపిల్లవు. చిన్నవాళ్లు నీ మాట వినేవాళ్లు. మరుసటి ఏడాది అండర్-17లో నువ్వే అందరికంటే చిన్నదానివి. ఆ మొదటి ఏడాది పిల్లలు ఎక్కువగా ఆడరు. పన్నెండు మందిలో చివరి ముగ్గురిగా బయట కూర్చుంటారు, అక్కల పరుగు చూస్తారు, స్తంభం దగ్గర ఎలా మలుపు తీసుకోవాలో చూసి చూసి నేర్చుకుంటారు. తిట్లు తింటారు. నీళ్లు మోస్తారు. నా ముప్పై ఒక్క ఏళ్లలో ఆటగత్తెలు తయారైంది ఆ బయట కూర్చున్న ఏడాదిలోనే. నీకు ఆ ఏడాదే లేదు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు, మాస్కులు, ఎడంగా బెంచీలు, ఆటల పీరియడ్ లేదు. ఏప్రిల్‌లో రెండో అల, మళ్లీ మూత. నువ్వు మైదానంలోకి తిరిగి వచ్చేసరికి అండర్-17లో నడిమి వయసు పిల్లవు, నీకు నేర్పాల్సిన అక్కలు పది పాసై వెళ్లిపోయారు. మెట్లలో ఒక మెట్టు తీసేసి ఎక్కమంటే ఎక్కలేకపోయావు.

కాళ్లు నావి కానట్టు అనిపించాయన్నావు. సరిగ్గానే అనిపించింది, ఎందుకంటే అవి పాత కాళ్లు కావు. పదమూడు, పద్నాలుగేళ్లలో ఆడపిల్లల ఒళ్లు ఇంకా ఎదుగుతూ, మారుతూ ఉంటుంది. రోజూ ఆడుతూ ఎదిగితే ఒళ్లు తన కొత్త పొడవును తనే సర్దుకుంటుంది, అడుగు ఎక్కడ పడాలో ప్రతి వారం కొంచెం కొంచెం దిద్దుకుంటుంది. నువ్వు కూర్చుని ఎదిగావు. లేచి పరుగెత్తేసరికి కొలతలు మారిపోయాయి. పైగా దమ్ము అనేది త్వరగా పోయే ఆస్తి: సాధన ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. కండబలం ఇంకొంతకాలం నిలుస్తుంది. అంచేత మనసుకు, కండలకు పాత నువ్వే గుర్తుంటావు, ఊపిరి మాత్రం అందదు. మొదటి రోజే పాత వేగంతో పరుగెత్తి ఉంటావు. అందరూ అదే చేశారు. ఆ శీతాకాలంలో మోకాలిచిప్ప కింద ఎముక మీద నొప్పి అంటూ నా దగ్గరికి వచ్చిన పిల్లలు అంతకుముందు ఏ ఏడాదీ అంతమంది లేరు. ఎదిగే వయసులో ఒక్కసారిగా భారం వేస్తే వచ్చే నొప్పి అది. కొందరి చేత మాస్కు పెట్టించి మరీ పరుగెత్తించారు, అది శుద్ధ తప్పు. గట్టి వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దు, ఎడం పాటించండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది.

మా జట్టులో కూతకు వెళితే ముగ్గురిని తాకి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. నాట్లు వేసిన నలుగురిలో ఒకతె. 2020లో రాష్ట్రస్థాయికి వెళుతుందని నేను రాసి పెట్టుకున్నాను. వెళ్లాల్సిన పోటీ లేదు, మరుసటేడు ఆమె వయసు గీత దాటింది. ఆ ధ్రువపత్రం ఉంటే ఏదో ఒక కాలేజీలో ఆటల కోటాలో సీటు వచ్చేది. ఇప్పుడు విజయవాడలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. కిందటేడు కనిపించి, "మాస్టారూ, 2019 నాటి జిల్లా పత్రం కాపీ మీ దగ్గరుందా?" అని అడిగింది. వెతికి ఇచ్చాను. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మళ్లీ మొదలుపెట్టవచ్చా అంటే, నిక్షేపంగా. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు ఖోఖోలో ముసలితనం రాదు; విశ్వవిద్యాలయ జట్లున్నాయి. కానీ జిల్లా జట్టు పిల్లలా మొదలుపెట్టకు. ముందు రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ చూడు. ఆయాసమంటే అందరూ కోవిడ్ మీదికి నెట్టేస్తున్నారు గానీ, మన ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ, ఆయాసం దానివల్ల కూడా వస్తుంది. పన్నెండు కంటే తగ్గితే డాక్టరుకు చూపించి, అది సరిచేసుకుంటూ ఆడు. నీకు అప్పట్లో జబ్బు గట్టిగా వచ్చి ఉంటే, ఇప్పటికీ మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంటే, పరుగుకు ముందే డాక్టరు దగ్గరికి వెళ్లు.

మొదటి మూడు వారాలు పరుగే వద్దు. రోజూ అరగంట వడివడిగా నడక, మాట్లాడగలిగే వేగంలో. నాలుగో వారం నుంచి నడకలో నిమిషం చొప్పున పరుగు కలుపు. వేగంగా మలుపులు తిరగడం, డైవ్ కొట్టడం రెండో నెల దాటాకే. గుంజీళ్లు, పిక్కలు లేపి దించడం రోజూ చెయ్యి, ఖోఖో పిల్లకు పిక్కలే పెట్టుబడి. నేల చూసుకో: ఇప్పుడు వానలు పడి మెత్తబడి ఉంటే సరే, బీటలు వారిన మైదానంలో మాత్రం డైవ్ కొట్టకు.

ఖోఖోకు తొమ్మిది మంది కావాలి, దొరకరు, నాకు తెలుసు. ఇద్దరు దొరికితే చాలు. రెండు కర్రలు పాతి మధ్యలో నాలుగు ఇటుకలు పెట్టుకోండి, ఒకరు తరమడం, ఒకరు తప్పించుకోవడం. ఆ మెరుపు వచ్చేది అందులోంచే. నెల తర్వాత మోకాలు నొప్పి పుడితే నాకు రాయి. ఊరికే నొప్పి అని కాదు, చిప్పకు పైనా, కిందా, పక్కనా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, అది రాయి.